ఆ ఫొటోలో ఆవిడ ఏడుస్తోంది

ఫ్యాక్టరీ క్యాంటీన్,
భోజన విరామం

గౌరవనీయులైన వదినగారికి నమస్కారాలు.

మీ ఆరోగ్యం బాగుందని తలుస్తాను. ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తోందేమిటా అనుకుంటారేమో. ఇంట్లో ఫోన్ తీస్తే చాలు, మీ తమ్ముడు పక్కకి వచ్చి నిలబడుతున్నారు. విన్నదంతా వీధిలో కనిపించినవాళ్ళకి పూసగుచ్చినట్టు చెప్పేస్తున్నారు. మొన్న అమ్మడు కడుపునొప్పని బడికి వెళ్ళకపోతే, ఆ నొప్పి దేనికో పేపరు వేసే ఆయనకి వివరించారు. పదహారేళ్ళ పిల్ల. ఆ రోజు నుంచి నాన్నతో మాట్లాడటం మానేసింది. ఆయన ఆ సంగతి గమనించనైనా లేదు.

మా నాన్న పోయిన రోజు మీరు రాలేకపోయారు కదా. ఇల్లంతా జనం. మా అమ్మ నేల మీద కూలబడి ఏడుస్తోంది. మీ తమ్ముడు గుమ్మంలో నిలబడి "భోజనాలు ఎన్నింటికి?" అని అడిగారు. ఎవరూ పలక్కపోతే ఇంకాస్త గట్టిగా అడిగారు. మా అన్నయ్య చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళుతుంటే నవ్వారు. ఆ నవ్వు నా చెవుల్లోంచి పోవడం లేదు. ఇదే మనిషి, మా నాన్నకి కట్టుడుపళ్ళు తన చేత్తో చేసి, చిగుళ్ళు ఒరుసుకుంటున్నాయంటే క్లినిక్‌కి తీసుకెళ్ళి మళ్ళీ మళ్ళీ అరగదీసి తెచ్చిన అల్లుడు.

పోయిన వారం వేడినీళ్ళ గిన్నె జారి నా చెయ్యి కాలింది. కేక పెట్టాను. ఆయన వచ్చారు. నా మీదుగా చెయ్యి చాపి అలమరలోంచి బిస్కెట్ల డబ్బా తీసుకుని వెళ్ళిపోయారు.

తాగుడేమోనని అనుమానపడ్డాను. ఇంకెవరైనా ఉన్నారేమోనని జేబులు వెతికాను. బిస్కెట్ల పొడి తప్ప ఏమీ లేదు. మీ అమ్మగారు పోయాక ఆయన్ని పెంచింది మీరు. మీ మాటంటే ఆయనకి గురి. ఒక్కసారి వచ్చి మాట్లాడండి.

బెల్లు కొడుతున్నారు. ఉంటాను.

మీ మరదలు


బడి ఆఫీసు గది

చిరంజీవి మరదలికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నలుగురిలో ఏం మాట్లాడాలో తెలియని మొగుడు ఒక్క నీకే దొరికాడనుకుంటున్నావా? మీ అన్నయ్యగారు, అదే మా ఆయన, బతికున్న రోజుల్లో నా ఎదుటే మా ప్రిన్సిపాల్‌తో "మీ జుట్టు నిజమైనదేనా?" అన్నారు. నేను ఎవరికీ ఉత్తరాలు రాయలేదు.

నా తమ్ముడు చంటి సంగతి నాకు తెలియదా? చీమ కుడితే దాన్ని నలపకుండా ఊదేసే పిల్లాడు. అలాంటివాడు అలా తయారయ్యాడంటే ఇంట్లోనే ఏదో ఉంది. నువ్వు పొద్దున పోతే పొద్దుగూకి వస్తావు. ఫ్యాక్టరీలో రోజంతా చొక్కాల కుట్లలో తప్పులు వెతికే ఉద్యోగం నీది. ఇంటికొచ్చాక ఆ కళ్ళు మూసుకుంటావో లేదో! మనిషిని కూడా చొక్కాలాగా తిరగేసి బోర్లేసి చూస్తుంటే ఎవడికైనా విరక్తి పుడుతుంది. బిస్కెట్లంటావా, కడుపునిండా పెడితే ఆ డబ్బా జోలికి ఎందుకు వెళతాడు?

చావింట్లో నవ్వడం తప్పే. కొందరికి దుఃఖం ఎక్కువైతే నవ్వు వస్తుంది. వాడు మెతక.

పరీక్షల హడావుడిలో ఉన్నాను, రావడం కుదరదు. ఇంటి గుట్టు బయటపెట్టుకోకుండా సర్దుకుపో. అమ్మడికి ముద్దులు.

మీ వదిన


ఇంటి నుంచి

వదినగారికి,

మీ ఉత్తరానికి జవాబు రాయకూడదనుకున్నాను. కానీ ఇంకెవరి ద్వారానో తెలిస్తే బాగుండదని రాస్తున్నాను.

మీ తమ్ముడి ఉద్యోగం పోయింది. ఒక ముసలావిడ కొత్త పళ్ళు పెట్టించుకోవడానికి వచ్చిందట. అద్దంలో చూసుకుని మురిసిపోతుంటే ఈయన వెనక నుంచి "పళ్ళు కొత్తవే. మనిషి పాతే కదా, ఇంకెన్నాళ్ళు వాడతారు?" అన్నారట. ఆవిడ అక్కడే ఏడ్చేసింది. ఇలాంటివి అంతకుముందే చాలా జరిగాయట. పళ్ళ డాక్టరు మంచివాడు కాబట్టి ఇన్నాళ్ళు కడుపులో పెట్టుకున్నాడు. ఆయనే ఫోన్ చేసి, గొంతు తగ్గించి అడిగాడు: "అమ్మా, ఇంట్లో ఏమైనా గొడవలా?" అందరూ ఆ మాటే అడుగుతున్నారు.

మీ తమ్ముడేమో ఇంటికొచ్చి, బ్రెడ్డు నములుతూ, "రేపటి నుంచి రావొద్దన్నాడు. అంతే కదా మరి" అన్నారు. బస్సు ఆలస్యమైందని చెప్పినట్టు చెప్పారు.

ఫ్యాక్టరీ వెనక వీధిలో ఒక గది చూశాను. ఉన్నది ఒకటే కిటికీ, అదీ పక్కింటి గోడకేసి. అయినా తలుపు మూస్తే నేనూ అమ్మడూ తప్ప ఎవరూ ఉండరు. తాళంచెవి నా సంచిలో ఉంది. అమ్మడి పరీక్షలు అవగానే వెళ్ళిపోతాం.

మీకు చెప్పి వెళుతున్నాను. అడిగి కాదు.

మీ మరదలు


రైల్లో, కిటికీ పక్కన

అమ్మాయీ,

ఎదురుగా ఉన్నప్పుడు చెప్పలేక, బండి కదిలాక రాస్తున్నాను. అక్షరాలు ఊగుతున్నాయి. చూసుకుని చదువు.

నీ ఉత్తరం అందిన రోజే బయల్దేరాను. నిన్ను నాలుగు తిట్టాలనే వచ్చాను, అబద్ధమెందుకు. వాకిట్లో చంటి కూర్చుని ఉన్నాడు. ఏడాది తర్వాత చూస్తున్న అక్కని. వాడు నా ముఖం చూడలేదు. సంచీ చూశాడు. "ఏం తెచ్చావ్?" అన్నాడు.

నువ్వు పనికి వెళ్ళాక ఇద్దరం కూర్చున్నాం. నేను మీ అన్నయ్యగారి సంగతి ఎత్తాను. ఆయన పోయాక ఇల్లు బోసిపోయిందిరా, అన్నం తినాలనిపించట్లేదురా అన్నాను. వాడు చాలా శ్రద్ధగా విన్నాడు. విని, "బావ రేడియో ఇప్పుడు ఎవరి దగ్గరుంది?" అని అడిగాడు. బావ పోయినప్పుడు ఆయన కాళ్ళ దగ్గర్నుంచి లేవనన్న పిల్లాడమ్మా వాడు.

సాయంత్రం వీధి చివర దుకాణానికి వెళ్ళాం. నేను సబ్బు తీసుకుంటుంటే వాడు చాక్లెట్లు గుప్పెడు తీసి జేబులో వేసుకుని నడిచిపోయాడు. దుకాణంవాడు వెంటపడి కాలరు పట్టుకున్నాడు. జనం మూగారు. నేను చంటి ముఖంలో సిగ్గు కోసం వెతికాను. పోనీ కోపం కోసం వెతికాను. ఏదీ లేదు. వాడు కాలరు వదిలించుకోవాలని కూడా అనుకోలేదు. చాక్లెట్టు కాగితం విప్పుకుంటున్నాడు.

ఇది బుద్ధి చెడటం కాదు. బుద్ధి చెడినవాడు చాటుగా చేస్తాడు. దీనికి ఏదో పేరుంటుంది. డాక్టరుకి చూపించు. అప్పటిదాకా ఆ తాళంచెవి పక్కన పెట్టు. ఆ తర్వాత నీ ఇష్టం, నేను నోరెత్తను.

నీ చేతి మీద కాలిన మచ్చ చూశాను. మందు సరిగ్గా రాసుకోవట్లేదు నువ్వు.

వదిన


ఆస్పత్రి వెయిటింగ్ హాలు

వదినగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే తిరుగుతున్నాం. మొదట మా వీధి డాక్టరు దగ్గరకి. లక్షణాలేమిటమ్మా అన్నాడు. ఏం చెప్పను? జ్వరం లేదు, నొప్పి లేదు, దగ్గు లేదు. తిండి రెండింతలు. చివరికి సిగ్గు విడిచి "మా ఆయనకి మా మీద ప్రేమ పోయింది డాక్టరుగారూ" అన్నాను. ఆయన నవ్వాడు. "ఇరవై ఏళ్ళకి అందరికీ పోతుందమ్మా, దానికి మాత్రలు రాయలేను" అన్నాడు. అయినా రక్తపరీక్షలు రాశాడు. థైరాయిడ్ బాగుంది. షుగరు కొంచెం ఎక్కువ, అది ఆ బిస్కెట్ల చలవ. ఒక విటమిన్ తక్కువుందని సూదులు వేశారు. ఎక్కడో చదివాను, ఆ విటమిన్ తగ్గినా మనిషి మారతాడట. సూదులు పూర్తయ్యేదాకా ఎంత ఆశపడ్డానో! రోజూ ఆయన ముఖం చూసేదాన్ని. రంగు వచ్చింది. మనిషి రాలేదు.

తర్వాత మనసు డాక్టరు. పెద్దావిడ. దిగులు జబ్బు కావచ్చని మాత్రలిచ్చింది. వాటితో నిద్ర పెరిగింది, అంతే. నిన్న మళ్ళీ వెళితే ఆవిడే మాత్రలు ఆపేసింది. "దిగులుగా ఉన్నవాళ్ళకి దిగులు ఉండాలి కదమ్మా. ఈయన దగ్గర అదీ లేదు. ఇది నా గదిలో తేలేది కాదు" అని నరాల డాక్టరుకి రాసిచ్చింది. తలకి స్కాన్ తీయించాలట. తలలో గడ్డ ఏదైనా ఉన్నా ఇలా అవుతుందట.

వదినగారూ, నేను గడ్డ ఉండాలని కోరుకుంటున్నాను. గడ్డయితే కోసి తీసేస్తారు కదా. మొగుడి తలలో గడ్డ ఉండాలని కోరుకునే ఆడదాన్ని నేనొక్కదాన్నేనేమో.

ఇంకో మాట. ఆ పెద్దావిడ "వాళ్ళ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా జరిగిందా? తండ్రి ఎలా పోయారు?" అని అడిగింది. మామయ్యగారు జ్వరంతో పోయారని ఈయన ఎప్పుడో చెప్పిన గుర్తు. అదే చెప్పాను. సరైనదేనా?

గది తాళంచెవి ఇంకా సంచిలోనే ఉంది. మీకు అబద్ధం చెప్పను.

మీ మరదలు


బడి ఆఫీసు గది

తల్లీ,

గడ్డే అయి ఉంటుంది. మా డ్రాయింగు మాస్టారి భార్యకి అలాగే తలలో గడ్డ వస్తే తీసేశారు. మొన్న వచ్చి నాతో పోట్లాడి వెళ్ళింది, మునుపటికంటే గట్టిగా. కాబట్టి ధైర్యంగా ఉండు.

రాత్రుళ్ళు పడుకుంటున్నావా? వేళకి తింటున్నావా? నువ్వు మంచాన పడితే అమ్మడు ఏమైపోతుంది? ఇక్కడ చలి మొదలైంది. పిల్లలు ముక్కులు ఎగబీలుస్తూ పాఠాలు చదువుతుంటే తరగతి గది రైలింజనులా ఉంటోంది. నీకు స్వెటర్ అల్లుతున్నాను. కొలత తెలియదు, కాస్త వదులుగానే అల్లుతున్నాను. తప్పుబట్టడం నీ వృత్తి కాబట్టి కుట్లు చూడకుండా వేసుకో.

వాణ్ణి కాస్త నడిపించు. స్కాన్ అయిన వెంటనే రాయి.

వదిన


ఆస్పత్రి వరండా, బెంచీ మీద

వదినా,

గడ్డ లేదు.

ముందు పరీక్షలు చేశారు. నన్ను ఆయన వెనక కుర్చీలో కూర్చోబెట్టారు. డాక్టరు చిన్నవాడే, నెమ్మదిగా మాట్లాడతాడు. ఈ రోజు తేదీ అడిగితే చెప్పారు. ఇంటి చిరునామా చెప్పారు. మా పెళ్ళయిన రోజు చెప్పారు, ఆ రోజు నేను వేసుకున్న గాజుల రంగు కూడా చెప్పారు. నా ప్రాణం లేచొచ్చింది. తర్వాత "ప అక్షరంతో మొదలయ్యే మాటలు చెబుతూ ఉండండి, నేను ఆపమనేదాకా" అన్నాడు డాక్టరు. ఆయన "పన్ను" అన్నారు. ఆగి మళ్ళీ "పన్ను" అన్నారు. ఇంకా కావాలంటే "పన్ను, పన్ను. అంతే కదా మరి" అన్నారు.

అప్పుడు సొరుగులోంచి కొన్ని ఫొటోలు బయటికి తీశాడు. మనుషుల ముఖాలు. నవ్వుతున్న ముఖం చూపిస్తే నవ్వుతున్నాడన్నారు. కోపంగా ఉన్న ముఖం చూపిస్తే, "మాట్లాడుతున్నాడు" అన్నారు. తర్వాత ఒకావిడ ఫొటో. కళ్ళు వాచిపోయి, బుగ్గల మీద తడి, పెదవి వంకర. చంటిపిల్లకి చూపించినా ఏడుస్తోందని చెబుతుంది.

"ఈవిడ ఎలా ఉందండీ?"

మీ తమ్ముడు బాగా దగ్గరికి వంగి చూశారు. "జలుబు చేసినట్టుంది" అన్నారు.

వెనక నేను నోరు నొక్కుకున్నాను. డాక్టరుకి కనబడింది. ఆయన ఏమనుకున్నాడో, "ఒకసారి వెనక్కి తిరిగి మీ ఆవిడని చూడండి" అన్నాడు. తిరిగి చూశారు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్న ముఖం కదా వదినా.

"ఈవిడక్కూడా జలుబే" అన్నారు.

తర్వాత స్కాన్ ఫిల్మ్ లైటు ముందు పెట్టి చూపించాడు. మెదడు ముందు భాగం, చెవుల పక్కన ఉండే భాగం, ఎండిన పండులా ముడుచుకుపోయాయి. చుట్టూ నల్లగా ఖాళీ. "మనిషికి సిగ్గు, జాలి, ఎక్కడ ఆగాలో తెలియడం, ఇవన్నీ చూసుకునేది ఆ చోటే అమ్మా. అది అరిగిపోతోంది. ఇది మామూలు మతిమరుపు కాదు. ఈయనకి అన్నీ గుర్తుంటాయి, ఏదీ పట్టదు. అరుదైన జబ్బు. మొదట్లో అందరూ దీన్ని కాపురం గొడవనో, తిక్క అనో అనుకుంటారు" అన్నాడు.

మందు అడిగాను. తల అడ్డంగా ఊపాడు. నిద్రకీ, ఆ తిండి యావ తగ్గడానికీ ఏవో రాశాడు. జబ్బుకి కాదట. ముందుముందు మాట పోతుందట. తర్వాత మింగడం పోతుందట. ఎన్నాళ్ళకో చెప్పలేనన్నాడు.

ఆయన పక్కనే ఉన్నారు. అంతా విన్నారు. "అయిపోయిందా? క్యాంటీన్‌కి పోదామా?" అన్నారు.

ఇప్పుడు బెంచీ మీద పక్కనే కూర్చుని బన్ను తింటున్నారు. నాకు ఏమనిపిస్తోందో చెప్పనా? ఈయన చెడ్డవాడైనా బాగుండేది. వదిలేసి వెళ్ళిపోయేదాన్ని. నా చెయ్యి కాలినప్పుడు పట్టించుకోలేదని బతికినన్నాళ్ళు కోప్పడేదాన్ని. ఇప్పుడు ఎవరి మీద కోప్పడను? ఆ ఒక్కటీ మిగిలిందనుకుంటే, దాన్నీ ఆ డాక్టరు పట్టుకుపోయాడు.

డాక్టరు మళ్ళీ అదే అడిగాడు, వాళ్ళ నాన్నగారికి గానీ, ఇంకెవరికైనా గానీ ఉందా అని. పోయిన ఉత్తరంలో నేను అడిగాను. మీరు స్వెటర్ గురించి రాశారు. ఈసారి చెప్పండి.

మీ మరదలు


ఇంటి నుంచి

తల్లీ,

చెబుతాను. చంటికి కూడా తెలియని సంగతి.

మా నాన్న జ్వరంతో పోలేదు. ఆయన వడ్రంగి. ఆయన చేసిన కుర్చీ ఎంత బరువైనవాళ్ళు కూర్చున్నా కిర్రుమనదని ఊళ్ళో చెప్పుకునేవారు. యాభై దగ్గరపడుతుండగా మారిపోయాడు. పక్కింటివాళ్ళు తింటుంటే వెళ్ళి పళ్ళెంలో చెయ్యి పెట్టేవాడు. ఇంటికి ఎవరైనా వస్తే వాళ్ళ ముందే బట్టలు విప్పేసేవాడు. అమ్మకి కడుపు పోయి రక్తం మడుగులో పడుంటే, దాటుకుంటూ వెళ్ళి బల్ల మీద సుత్తి తీసుకున్నాడు. అది నా కళ్ళతో చూశాను. నీ చెయ్యి కాలిన సంగతి రాసినప్పుడే నాకు అది గుర్తొచ్చింది. గుర్తొచ్చిందని ఒప్పుకోవడం ఇష్టంలేక నిన్ను తిట్టాను. వాడి మాటలన్నీ జబ్బే కానీ, ఆ ఉత్తరంలో తిట్లు మాత్రం అచ్చంగా నావే. మన్నించు.

వీధిలో అందరూ ఆయన్ని పోకిరి అన్నారు. తాగుబోతు అన్నారు, ఆయన తాగడం నేనెప్పుడూ చూడలేదు. చివరికి ఒక రోజు అమ్మ ఆయన బట్టలు పెట్టెలో పెట్టి, పెట్టె మెట్ల మీద పెట్టి, తలుపు గడియ వేసింది. చంటికి అప్పుడు ఊహ తెలియదు. నేను కిటికీలోంచి చూశాను. ఆయన తలుపు కొట్టలేదు. మమ్మల్ని పిలవలేదు. కాసేపు మెట్ల మీద కూర్చుని, పెట్టె అక్కడే వదిలేసి నడిచి వెళ్ళిపోయాడు. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూస్తాడని కాచుకున్నాను. చూడలేదు. అందుకే ఆయన్ని అంతగా అసహ్యించుకున్నాను, పొమ్మన్నందుకు కాదు, తిరిగి చూడనందుకు. కొన్ని నెలలకి ఏదో ఊళ్ళో దుకాణం మెట్ల మీద పోయాడని కబురొచ్చింది. అమ్మ వెళ్ళలేదు. చంటికి జ్వరమని చెప్పాం.

ఆయనకి ఎవరూ ఫొటోలు చూపించి అడగలేదమ్మా. మేమూ అడగలేదు.

ఇది విన్నాక డాక్టరు ఏమంటాడో నాకు అర్థమవుతోంది. నీకూ అర్థమవుతుంది. అమ్మడి సంగతే ఆలోచిస్తున్నాను.

చంటిని నా దగ్గరికి పంపు. ఈ నెలతో నా ఉద్యోగం అయిపోతుంది. ఎలాగూ ఇంట్లో ఉండేదాన్నే. నువ్వు ఆ గదికి వెళ్ళు, లేకపోతే ఉన్న ఇంట్లోనే అమ్మడితో ఊపిరి పీల్చుకో. నిన్ను ఎవరైనా మొగుణ్ణి వదిలేసిందంటే నా పేరు చెప్పు, నేను మాట్లాడతాను. ఒక మగవాణ్ణి మా ఇంటి గుమ్మం బయట వదిలేశాం. రెండోవాణ్ణి లోపల ఉంచుకోనీ.

వదిన


ఇంటి నుంచి

వదినా,

మీరు ఆయన్ని తీసుకెళ్ళి వారం దాటింది. ఇల్లు సర్దాను. అన్ని డబ్బాలకీ మూతలు ఉన్నాయి. అలమర మీద ధూళి తుడిచాను. పని ఏమీ మిగల్లేదు.

స్టేషనులో మీరు సామాను పెడుతున్నప్పుడు నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆయన చెయ్యి పట్టుకున్నాను. పట్టుకోనిచ్చారు. చెయ్యి వెచ్చగానే ఉంది. బండి కదిలాక కొంతదూరం పక్కన నడిచాను. ఆయన ఎదురు సీటాయన పొట్లం విప్పుతుంటే అది చూస్తున్నారు. అమ్మడు ప్లాట్‌ఫాం మీదకి రాలేదు, బయట సైకిలు స్టాండు దగ్గరే ఉండిపోయింది.

మామయ్యగారి సంగతి డాక్టరుకి చెప్పాను. "అయితే ఇది వంశంలో వస్తున్నదే" అన్నాడు. జబ్బున్నవాళ్ళ పిల్లలకి సగం సగం అవకాశమట. నాణెం ఎగరేసినట్టు. రక్తపరీక్షతో తెలుస్తుందట, కానీ చిన్నపిల్లలకి చేయరట. పెద్దయ్యాక తనే నిర్ణయించుకోవాలట. "తెలుసుకుంటే ఆపగలరా?" అన్నాను. "ఇప్పటికైతే లేదమ్మా" అన్నాడు. మరి తెలుసుకోవడం దేనికి?

మీరూ మామయ్యగారి కూతురే కదా వదినా. ఆ మాట అడగడానికి నాకు నోరు రావడం లేదు.

అమ్మడికి ఏమీ చెప్పలేదు. ఎలా చెబుతారో నాకు తెలియదు.

మీ మరదలు


ఇంటి నుంచి

తల్లీ,

చంటి బాగానే ఉన్నాడని రాద్దామనుకున్నాను. నీకు అబద్ధం రాయడం మానేశాను కాబట్టి ఉన్నది రాస్తున్నాను.

మాటలు తగ్గిపోయాయి. ముందు "అంతే కదా మరి" ఒక్కటే మిగిలింది, ఇప్పుడు అదీ లేదు. నోట్లో ఏది పడితే అది కుక్కుకుంటాడు. మొన్న సబ్బు బిళ్ళ లాక్కున్నాను. అన్నం చిన్న చిన్న ముద్దలుగా పెట్టి, మింగాడా లేదా అని గొంతు చూస్తూ కూర్చోవాలి. ఒకరోజు నేను అలిసి కుర్చీలో కునుకు తీస్తుంటే నా తల మీద చెయ్యి పడింది. నెమ్మదిగా జుట్టులోకి వేళ్ళు పోయాయి. కళ్ళు తెరవలేదు నేను. చిన్నప్పుడు వాడికి జ్వరమొస్తే నేను అలాగే నిమిరేదాన్ని. తర్వాత కళ్ళు తెరిచి చూస్తే వాడు నా జడ క్లిప్పు నోట్లో పెట్టుకుంటున్నాడు.

సెలవులకి వచ్చినప్పుడు అమ్మడు రోజూ వాడి దగ్గర కూర్చుంది. బడి కబుర్లు చెప్పింది. కోపం మర్చిపోయిందో, దాచుకుందో. వెళ్ళే రోజు "అత్తా, నాన్నకి నేనంటే ఇష్టమేనా?" అంది. చాలా ఇష్టం ఉండేదమ్మా అన్నాను. "ఇప్పుడు?" అంది. వాడి దగ్గర ఇప్పుడది లేదు తల్లీ, ఎవరి కోసమూ లేదు అన్నాను. ఇంకేం చెప్పను? తల ఊపింది. "తాతయ్య ఎలా పోయాడు?" అని అడిగింది. నేను స్టవ్ మీద పాలు పొంగుతున్నాయని లేచాను. స్టవ్ వెలిగించి లేదు. అది చూసింది. పిల్లకి అనుమానం వచ్చింది. ఎవరో చెప్పేలోపు నువ్వే చెప్పు.

నా సంగతి అడగడానికి నోరు రాలేదన్నావు. పరీక్ష చేయించుకోను. అరవై దగ్గరికి వచ్చాను, నాన్న వయసు దాటిపోయాను. తప్పించుకున్నానేమో, ఆలస్యంగా వస్తుందేమో. తెలిసినా వీడికి ముద్దలు పెట్టేది నేనే కదా. ఒక్కటి మాత్రం చెయ్యి. నా ఉత్తరాల్లో తేడా కనిపిస్తే, నీ గురించి గానీ అమ్మడి గురించి గానీ అడగడం మానేస్తే, నాకు చెప్పకు. ఎవరికైనా చెప్పి చంటిని ఇక్కడి నుంచి తీసుకెళ్ళు. నా చేతుల్లో వాడు ఆకలితో పడుండకూడదు.

వదిన


ఇంటి నుంచి

వదినా,

మీ ఉత్తరాల్లో తేడా ఏమీ లేదు. కారం అలాగే ఉంది. ఆ భయం పెట్టుకోకండి.

అమ్మడికి చెప్పాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక బట్టలు మడతపెడుతూ చెప్పాను. మామయ్యగారి గురించి, ఆ మెట్ల గురించి, డాక్టరు చెప్పిన సగం సగం గురించి. చెబుతున్నంతసేపూ నా చేతులు ఒకే చొక్కాని మడిచి విప్పుతూ ఉన్నాయి. చివర్లో "అంటే నాక్కూడా రావచ్చు" అంది. "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాను. "ఎప్పటికి తెలుస్తుంది?" అంది. "పెద్దయ్యాక, నీకు కావాలంటే" అన్నాను.

మడిచిన బట్టలు తీసుకెళ్ళి అలమరలో పెట్టింది. తర్వాత "ఆకలేస్తోంది. తినడానికి ఏముంది?" అంది.

వదినా, అది వాళ్ళ నాన్న అడిగే మాట. ఏ పిల్లయినా ఇంత మాట విన్నాక ఏడవదా? లేక పదహారేళ్ళ పిల్లలందరూ అంతేనా? నేను లేచి పళ్ళెం పెట్టాను. తిని పళ్ళెం కడిగింది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాను. ఏడుపు వినిపించాక గానీ నా ఊపిరి కుదుటపడలేదు. కూతురు ఏడుస్తుంటే సంతోషించిన తల్లిని చూశారా ఎక్కడైనా?

అప్పటి నుంచి నాకు ఇదే పనైపోయింది. తను గట్టిగా నవ్వితే ఎందుకు నవ్విందా అని చూస్తాను. బిస్కెట్టు తీసుకుంటే మరొకటి తీసుకుంటుందా అని చూస్తాను. స్నేహితురాలితో పోట్లాడి వచ్చి "పోతే పోనీ" అంటే, అది కోపమా, పట్టనితనమా అని రోజంతా నలిగిపోతాను. ఇది నడివయసులో వచ్చే జబ్బని, తనకింకా ఎన్నో ఏళ్ళుందని డాక్టరు చెప్పాడు. నా కళ్ళకి ఆ మాట ఎక్కదు. తప్పులు వెతికే అలవాటు కదా, వద్దన్నా చూసేస్తాయి.

నిన్న జ్వరం వచ్చి పడుకున్నాను. అమ్మడు బడి నుంచి వచ్చి, పుస్తకాల సంచీ పెట్టి, నుదుటి మీద చెయ్యి వేసింది. తడిగుడ్డ తెచ్చింది. మాత్ర మింగించింది. నీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చుంది. నేను తన ముఖంలోకే చూస్తున్నాను, కనుబొమ్మలు ముడిపడ్డాయా, కళ్ళల్లో జాలి ఉందా అని. ఉంది. అయినా చూస్తూనే ఉన్నాను.

గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"అలా చూడొద్దమ్మా" అంది.

"ఎలా చూశానే?"

"డాక్టర్లా."

మీ మరదలు